నాలుగో ర్యాంకు లడ్డూలు

నేను ఒక చావుకు లడ్డూలు పంచాను.

చావు జరిగిన చోట పొరపాటున నవ్వితేనే జనం ఏళ్లతరబడి చెప్పుకుంటారు. నేను ఇంటికి రెండు చొప్పున మా గల్లీ మొత్తానికి పంచాను. ఫ్లెక్సీ కట్టించాను. మర్ఫా డోళ్లు వాయింపించాను. ఇదంతా పగవాళ్ల మీద కోపంతో చేసింది కాదు. దేశం కాని దేశానికి చదువుకోవడానికి వచ్చి, వారం తిరక్కుండానే తమ్ముణ్ని పోగొట్టుకున్న ఒక పిల్లకు ప్రేమగా చేసిపెట్టింది. చదివి నవ్వుకోండి, అభ్యంతరం లేదు. మధ్యలో ఎక్కడైనా ఆ నవ్వు గొంతుకు అడ్డం పడితే మాత్రం నన్ను అనకండి. ఆ రోజు మా గల్లీలో నలభైమందికి లడ్డూ అలాగే అడ్డం పడింది.

అప్పుడు నేను ఇరవై ఒక్కేళ్ల ఆడపిల్లను. పిచ్చివాడి చేతిలో రాయి ఎవరికి తగులుతుందో చెప్పలేం అంటారు. నా చేతిలో రాయి లేదు, స్పోకెన్ ఇంగ్లిష్ సర్టిఫికెట్ ఉంది. రాయే నయం.

మాది శంషాబాద్, పాత బస్టాండు వెనక గల్లీ. ఇంట్లో దక్కనీ ఉర్దూ, గుమ్మం దాటితే తెలుగు. ఇంగ్లిష్ అనేది మాకు నెత్తిమీద నుంచి విమానంలో పోయే సరుకు. విమానం దిగేటప్పుడు మా గల్లీలో ఎంత పెద్ద తగాదా అయినా ఆగిపోతుంది. అది పోయాక తిట్టు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ అందుకుంటారు. మా అబ్బా ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. నాకేమో ఆ ఎయిర్‌పోర్టు లోపల, నీలం కోటు వేసుకుని, నవ్వుతూ నిలబడే ఉద్యోగం కావాలని ఆశ. అందుకోసం మూడు నెలలు ఆరాంఘర్ దాకా బస్సెక్కి పోయి ఇంగ్లిష్ నేర్చుకున్నాను. ఇంటర్వ్యూలో నీ గురించి చెప్పమన్నారు. మా తాత ఎడ్లబండి కట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను. మా అబ్బా పుట్టేదాకా ఓపిక పట్టి, తర్వాత పంపించేశారు.

అలా ఇంగ్లిష్ నోటినిండా ఉండి, వినేవాళ్లు లేక నేను అవస్థ పడుతున్న రోజుల్లో వచ్చింది చిసోమో.

ఆఫ్రికాలో మలావీ అనే దేశం. పందొమ్మిదేళ్ల పిల్ల. మా దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ డిగ్రీకి సీటు తీసుకుంది. ఎయిర్‌పోర్టు నుంచి మా అబ్బానే తన క్యాబ్‌లో ఆమెను హాస్టల్ దగ్గర దింపాడు. అక్కడ హాస్టల్ లేదు, ఇంకా ప్లాస్టరింగ్ కాని బిల్డింగ్, దానికి తాళం ఉంది. సీటు ఇప్పించిన ఏజెంటు ఫోను ఎత్తలేదు. ఆ పిల్ల సూట్‌కేస్ మీద కూర్చుని తాళం వైపు చూస్తూ ఉండిపోయిందట. అబ్బా గంటసేపు అక్కడే ఆగి, ఇక లాభం లేదని ఇంటికి తీసుకొచ్చాడు. మా మేడమీద రేకుల గది ఖాళీగానే ఉంది. కిరాయి సంగతి తర్వాత చూద్దాం, ఆడపిల్లను తాళం ముందు వదిలేసి ఎట్లా వస్తాను అన్నాడు.

నాకైతే కళ్లముందు ఇంగ్లిష్ నడిచి వచ్చినట్టుంది. ఆ క్షణమే నన్ను నేను ఆమెకు దుబాసీగా నియమించుకున్నాను. ఎవరూ అడగలేదు. ఆమె అసలే అడగలేదు.

చిసోమో అంటే వాళ్ల భాషలో దయ అని అర్థమట. సాయంత్రానికల్లా మా పక్కింటి అంజమ్మక్క ఆ పేరును సోమమ్మ చేసేసింది. అంజమ్మక్కకు యాభై దాటాయి. మంఖాల్‌లో వాళ్లకు రెండెకరాలుంది. పొద్దున పోయి, కాయగూరలు కోసుకుని, మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. పేరు అట్లా మార్చకూడదని నేను పాఠం చెప్పబోతే, పిలిస్తే పలుకుతున్నది కదా, నీకేం నొప్పి అంది. నిజంగానే పలికింది.

మొదటి రోజు భోజనం దగ్గరే నా ప్రతిభ బయటపడింది. మా అమ్మీ ఇంకొంచెం కూర వేయబోతే చిసోమో చెయ్యి అడ్డం పెట్టి, నాకిది చాలు అనే అర్థంలో ‘ఐయామ్ ఫైన్’ అంది. ‘ఫైన్’ అంటే బాగుందని మాకు కోర్సులో రెండో రోజే చెప్పారు. చాలా బాగుందట అని అమ్మీకి చెప్పాను. అమ్మీ ఇంకో రెండు గరిటెలు వేసింది. కారానికి ఆ పిల్ల కళ్లవెంట నీళ్లు కారుతుంటే, పాపం ఎన్నాళ్లకు తిన్నదో మంచి తిండి అని అమ్మీ మురిసిపోయింది. నేను ఆ మాటను కూడా ఇంగ్లిష్ చేసి చెప్పాను.

మర్నాడు ఆమె తన సూట్‌కేస్‌లోంచి మక్కపిండి పొట్లం తీసి, నీళ్లలో ఉడికించి, గట్టిగా ముద్ద చేసింది. అంజమ్మక్క చూసి, ఇది మా మక్క గట్కే కదా, ఇంత దూరం నుంచి మోసుకు రావాలా అని, తన ఇంట్లోంచి పచ్చిపులుసు తెచ్చి పక్కన పెట్టింది. ఇద్దరూ ఒక పళ్లెం ముందు కూర్చుని మాట్లాడకుండా తిన్నారు. నేను అనువదించడానికి సిద్ధంగా నిలబడ్డాను. అనువదించడానికి ఏమీ దొరకలేదు.

అన్ని రోజులూ అంత సుఖంగా గడవలేదు. బస్టాపు దగ్గర కొందరు మగవాళ్లు ఆమెను చూసి ఒక మాటన్నారు. అది ఇక్కడ రాయను. వాళ్లేమన్నారని చిసోమో అడిగింది. మా ఊరికి స్వాగతం అంటున్నారని చెప్పాను. ఆమె వాళ్ల వైపు తిరిగి చెయ్యి ఊపింది. వాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. నా జీవితంలో నేను చేసిన తప్పుడు అనువాదాల్లో తెలిసి చేసింది ఇదొక్కటే. దీన్ని నవ్వుగా మార్చి చెప్పడం ఇప్పటికీ నాకు చేతకాలేదు. ముందుకు పోదాం.

నాలుగో రోజు ఆమెను కాలేజీకి తీసుకుపోతుంటే మెయిన్ రోడ్డు మీద ఊరేగింపు ఎదురైంది. ముందు డప్పులు, పటాకులు, చిందులేసే కుర్రాళ్లు. వెనక బంతిపూలతో కప్పేసిన పాడె, దాని మీద ఒక ముసలాయన. ఏం పండగ అని అడిగింది చిసోమో. పండగ కాదు, శవయాత్ర అని చెప్పాను. ఆమె ఆగి, తల వంచి, ఊరేగింపు మొత్తం పోయేదాకా చూసింది. మీ దగ్గర చనిపోయినప్పుడు కూడా డప్పులూ పూలూ ఉంటాయా అని అడిగింది. అక్కడితో అవునని ఊరుకుంటే సరిపోయేది. సర్టిఫికెట్ ఊరుకోనివ్వలేదు. మా దేశంలో చావుకైనా పెళ్లికైనా అంతే, పూలు ఉంటాయి, వాయింపు ఉంటుంది, అందరూ వచ్చి తింటారు అని దేశం మొత్తం తరఫున ప్రకటించేశాను. మా ఇళ్లలో శవాన్ని మోసుకుపోయే జనాజా ఎంత నిశ్శబ్దంగా నడుస్తుందో నాకు తెలియదా? తెలుసు. కానీ అది చెప్పడానికి కావలసిన ఇంగ్లిష్ అప్పుడు నా దగ్గర లేదు. ఉన్న ఇంగ్లిష్‌కు సరిపోయే దేశాన్ని తయారుచేసి చెప్పాను.

ఇక ఆ తమ్ముడి సంగతి. పేరు లింబానీ. పదిహేడేళ్లు. బడి చివరి పరీక్షలు రాసి రిజల్టు కోసం చూస్తున్నాడు. ఫోన్లో ఫొటో చూపించింది. తెల్లచొక్కా, ఒక పక్కకు ఒరిగిన టై, పళ్లన్నీ కనిపించే నవ్వు. నేను రోజూ పొద్దున్నే, తమ్ముడి రిజల్టు వచ్చిందా అని అడిగేదాన్ని. నాకు తప్పుల్లేకుండా వచ్చిన ప్రశ్న అదొక్కటే, అందుకని అరిగిపోయేలా వాడాను. అయిదో రోజు ఆమె, రిజల్టు రాలేదు, వాడికి జ్వరం వచ్చిందని చెప్పింది. నాకు ఇంటర్ రిజల్టు ముందు వారం రోజులు ఒళ్లు కాలిపోయింది. అందరికీ వస్తుంది, అది పరీక్షల జ్వరం, రిజల్టు వస్తే పోతుందని ధైర్యం చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసింది. నా ఉచ్చారణకు ముగ్ధురాలైందనుకున్నాను.

ఏడో రోజు పొద్దున తొమ్మిదింటికి మేడమెట్ల మీద అడుగుల చప్పుడైంది. నేను కింద మెట్ల దగ్గర బట్టలు పిండుతున్నాను. చిసోమో ఫోన్ చేత్తో పట్టుకుని సగం మెట్లు దిగి ఆగింది. ముఖమంతా తడి.

“షాహీన్,” అంది. ఆమె అన్న మిగతా మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “మై బ్రదర్ పాస్డ్...”

సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. ఆ తర్వాత ఆమె పెదవులు ఇంకో మాట పలికాయి. అది విమానానికి అదిరిన రేకుల చప్పుడులో పోయింది. మా గల్లీ అలవాటు ప్రకారం విమానం పోయేదాకా ఆగి, ఆ మాట మళ్లీ చెప్పమని అడగాలి. పుట్టిన దగ్గర్నుంచీ నేను చేస్తున్న పనే అది. ఆ రోజు మాత్రం ఆగలేదు. తడి చేతులతోనే పైకి ఉరికి ఆమెను వాటేసుకున్నాను.

ఆ పిల్ల ముఖం కనబడలేదా అని మీరు అడుగుతారు. కనబడింది. నేను ఇంటర్ సప్లిమెంటరీలో గట్టెక్కిన రోజు మా అమ్మీ ముఖం అచ్చంగా ఇలాగే ఉంది. వెక్కి వెక్కి ఏడ్చి, పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చేలా చేసింది. పాసైతే ఇళ్లలో ఏడుస్తారన్నది నా అనుభవం.

పరీక్ష అన్నాక తర్వాతి ప్రశ్న ఏముంటుంది? ఏ క్లాసు అని అడిగాను. చిసోమో అర్థం కానట్టు చూసి, ఫామ్ ఫోర్ అంది. వాళ్ల దగ్గర బడిలో ఆఖరి తరగతిని అలా అంటారని నాకు చాలా తర్వాత తెలిసింది. నేను ఫోర్ అనేది పట్టుకుని కిందికి కేకేశాను.

“అమ్మీ, సోమమ్మ తమ్ముడు పాసయిండట. నాలుగో ర్యాంకట.”

అమ్మీ వంటింట్లోంచే అల్లాకు షుక్రియా చెప్పింది. చిసోమో నా చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. అంతా రేపేనని, తను వెళ్లలేనని, టికెట్ దొరకదని, దొరికినా చేరుకునేసరికి అయిపోతుందని ముక్కలు ముక్కలుగా చెప్పింది. బడిలో సన్మానం కాబోలనుకున్నాను. తమ్ముడికి దండ వేసే వేళకు అక్క పక్కన లేకపోవడం ఎంత బాధ అని నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. అప్పుడు నేను అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ రాత్రి నిద్ర పట్టదు.

“నువ్వు వెళ్లలేకపోతేనేం? అక్కడ జరిగేది ఇక్కడ మేం చేస్తాం. పూలు, వాయింపు, అందరికీ తిండి. నీ తమ్ముడికి ఏ లోటూ రానివ్వం.”

ఆమె నా రెండు చేతులూ తన నుదుటికి ఆనించుకుంది. చాలాసేపు వదల్లేదు. కృతజ్ఞత అంటే ఇలా ఉండాలి అనుకుంటూ నేను గర్వంగా కూర్చున్నాను.

ఒక ఫొటో పంపమంటే, ఎందుకని అడగకుండా పంపింది. తెల్లచొక్కా ఫొటోయే. అది పట్టుకుని రోడ్డు మీద ఫ్లెక్సీ షాపుకు పోయాను. షాపతను కంప్యూటర్ మీద ఫొటో చుట్టూ గులాబీలు, బంతిపూలు పేర్చి, అక్షరాల దగ్గర ఆగాడు.

“శుభాకాంక్షలా అక్కా, శ్రద్ధాంజలా? పూల బార్డరు రెంటికి ఒక్కటే. అక్షరాలే మారుస్త.”

ఎవరైనా శ్రద్ధాంజలికి ఇలా ఇకిలిస్తూ వస్తారా అని అతన్ని కసిరాను. ‘లింబానీకి శుభాకాంక్షలు, మలావీ నాలుగో ర్యాంకు’ అని రాయించాను. నేను ఇంటికి వచ్చేలోపే అది గల్లీలో ఆఫ్రికా నాలుగో ర్యాంకు అయిపోయింది. అబ్బా మిఠాయి దుకాణం నుంచి లడ్డూలు తెచ్చాడు. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం కూడా ఇంత మందిని కూడగట్టదని అంజమ్మక్క ఎగతాళి చేసింది. మా మేనమామ కొడుకు ఇర్ఫాన్ మర్ఫా జట్టులో వాయిస్తాడు. మన ఇంటి పిల్ల లాంటిదే కదా అని తన జట్టు మొత్తాన్ని ఊరికే తీసుకొస్తానన్నాడు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, ఎండ ఇంకా గోడల మీద ఉండగానే, అందరూ మా ఇంటి ముందు చేరారు. ఫ్లెక్సీని మెట్ల పక్కన కట్టాం. చిసోమో నల్లబట్టలు వేసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని దిగింది. మా గల్లీలో సగం మంది ఆడవాళ్లు రోజూ నల్ల బుర్ఖాలో తిరిగేవాళ్లే, నలుపు చూసి ఎవరికి అనుమానం వస్తుంది? ఆమె ఫ్లెక్సీ ముందు ఆగింది. తెలుగు అక్షరాలను వేలితో తడిమింది. తన మెడలో వేసుకోమని నేనిచ్చిన గులాబీ దండను తీసి తమ్ముడి ఫొటోకు వేసింది. ఎంత ప్రేమో చూడండి అని నేనే చప్పట్లు మొదలుపెట్టాను.

ఒక్కొక్కరే వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. ఆమె ప్రతి ఒక్కరికీ తలవంచి థాంక్యూ చెప్పింది. నోట్లో లడ్డూ పెట్టబోతే వద్దనలేక కొరికింది, మింగలేకపోయింది. ఇర్ఫాన్ వాళ్లు మర్ఫా అందుకున్నారు. మొదటి దెబ్బకే చిసోమో రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. తర్వాత కళ్లు మూసుకుని సన్నగా, లాగి లాగి ఏదో పాట ఎత్తుకుంది. వాళ్ల భాషలో విజయగీతం అని నేను అందరికీ వివరించాను. ఇర్ఫాన్ ఆమె పాటకు తగ్గట్టు దరువు మార్చాడు. నలభైమందిమి తాళం వేశాం.

తాళం వేయనిది అంజమ్మక్క ఒక్కతే. చేతిలో లడ్డూ అలాగే ఉంది. కొన్నేళ్ల కిందట ఆమె పెద్దకొడుకు ఆరాంఘర్ దగ్గర లారీ కింద పడి చనిపోయాడు. ఆ కబురు కూడా ఫోన్‌లోనే వచ్చింది. ఆమె లడ్డూను గట్టు మీద పెట్టి, జనాన్ని తోసుకుంటూ వచ్చి నా జబ్బ పట్టుకుంది.

“షాహీనూ, జర గా వాయింపు ఆపమను. ఈ పిల్ల ఎట్ల ఏడుస్తున్నదో చూసినవా? ఇది పాసైన ఏడ్పు గాదు.”

నేను కాదన్నాను. వాళ్ల దేశంలో అలాగే ఏడుస్తారని చెప్పాను. అంజమ్మక్క నా జబ్బ వదల్లేదు.

“ఏడ్పుకు దేశమేంది? తమ్ముడు యాడున్నడో అడుగు.”

వాయింపు ఆగింది. ఎందుకాగిందో తెలియక చిసోమో కళ్లు తెరిచింది. లింబానీ ఇప్పుడు ఎక్కడున్నాడని అడిగాను.

“మార్చురీలో,” అంది చిసోమో.

ఆ మాటకు అనువాదం అక్కర్లేకపోయింది. ఉస్మానియా దవాఖాన ఎరిగిన ప్రతివాడికీ ఆ మాట తెలుసు. అబ్బా టోపీ సరిచేసుకుని, చావు కబురుకు చదివే ఇన్నా లిల్లాహి అంటూ గొణుక్కున్నాడు. నలభైమంది సగం నమిలిన లడ్డూలతో నిలబడిపోయారు. మింగితే పాపం, ఉమ్మితే ఇంకా పాపం. ఇర్ఫాన్ మర్ఫాను వీపు వెనక్కు దాచుకున్నాడు. అంత పెద్ద డోలును దాచుకోవడం కుదరదని కూడా వాడికి తట్టలేదు.

చిసోమో నా వైపు చూసి, ఎందుకాపేశారు, మీ ఆచారం అయిపోయిందా అని అడిగింది.

అప్పుడు నాకు అర్థమైంది. ఆమె దీన్నంతా మా చావు పద్ధతి అనుకుంది. ఎందుకనుకోదు? చావుకైనా పెళ్లికైనా ఒకటేనని చెప్పింది నేనే కదా. పొద్దున్నుంచీ ఆమె తమ్ముడికి కర్మ చేస్తున్నాననుకుంటూ ఉంది. మేము పరీక్ష పాసైన సంబరం చేసుకుంటున్నాం. ఒకే పూలు, ఒకే వాయింపు, ఒకే ఫొటో.

అవును, అయిపోయిందని చెప్పేస్తే పోతుంది. అమ్మీ నా కొంగు లాగి అదే సైగ చేసింది, తెలియకపోతే ఆ పిల్లకు బాధ ఉండదని. నేనూ నోరు తెరిచాను. అబ్బా అడ్డుకున్నాడు.

“నీ నోటితోని చెడగొట్టినవ్. నీ నోటితోనే చెప్పు, బేటీ.”

చెప్పాను. కోర్సులో నేర్పిన ఇంగ్లిష్‌లో అలాంటి వాక్యాలు లేవు. ఎలా కూర్చానో గుర్తులేదు. విమానం వచ్చిందని, ‘పాస్డ్ అవే’లో ముందు సగమే వినిపించిందని, పాసయ్యాడనుకున్నానని చెప్పాను. ఆమె ఫ్లెక్సీ చూపించి, ఆ అక్షరాలేమిటని అడిగింది. చదివి చెప్పాను. శుభాకాంక్షలు అనే మాటను మింగేశాను, మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. ఆమె మెట్లెక్కి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున తలుపు తీయలేదు. అంజమ్మక్క ఆ రోజు మంఖాల్ పోలేదు. ఒక చేట, సంచెడు కందికాయలు పట్టుకుని మేడెక్కి, గది గడప ముందు కూర్చుని కాయలు ఒలవడం మొదలుపెట్టింది. తలుపు తట్టలేదు, పిలవలేదు. కాసేపటికి ఇంకో నలుగురు ఆడవాళ్లు వెళ్లి పక్కన కూర్చున్నారు. చావింట్లో మూడు రోజులు పొయ్యి వెలగకూడదు, తిండి పక్కిళ్ల నుంచి రావాలి అనేది మా ఇళ్లలో పద్ధతి. అమ్మీ అన్నం, పప్పు గిన్నెల్లో పెట్టి, కారం లేకుండా, పైకి మోసింది. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను. పైకి రమ్మని ఎవరూ అనలేదు.

పదకొండు దాటాక తలుపు తెరుచుకుంది. చిసోమో బయటికి వచ్చి, చుట్టూ చూసి, ఆడవాళ్ల మధ్య నేల మీద కూర్చుంది. వాళ్ల ఊళ్లో కూడా చావైతే ఆడవాళ్లు ఇలాగే వచ్చి నేల మీద కూర్చుంటారట. మధ్యాహ్నం ఫోన్లో వీడియో వచ్చింది. ఎర్రమట్టి, గొడుగులు, నలుగురు మోస్తున్న పెట్టె అని అమ్మీ తర్వాత చెప్పింది. అంజమ్మక్క ఫోన్ పట్టుకుంది. చిసోమో ఆమె భుజం పట్టుకుంది. మట్టి వేస్తున్నప్పుడు విమానం వచ్చి అక్కడి పాట వినిపించకుండా పోయింది. ఎవరూ తలెత్తి చూడలేదు. నిన్న లడ్డూ తిన్న మగవాళ్లు కింద గల్లీలో గోడవారగా నిలబడ్డారు, ఇర్ఫాన్‌తో సహా. ఏడుగురు ఆడవాళ్లు, మూడు భాషలు. ఒక్క మాట కూడా అనువదించాల్సిన పని పడలేదు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. కాలేజీకి ఒంటరిగా పోయి వచ్చేది. అంజమ్మక్కతో మాత్రం, ఇద్దరికీ రాని భాషలో, గంటలకొద్దీ కూర్చునేది. ఫ్లెక్సీని నేను కాల్చేద్దామనుకుంటే అబ్బా ఒప్పుకోలేదు. పిల్లవాడి ముఖం ఉంది దాని మీద, కాలుస్తావా అన్నాడు. పదో రోజు చిసోమో నన్ను పిలిచి, బకెట్ ఎక్కడుందని అడిగింది. జీవితంలో ఏ ప్రశ్నకూ నేను అంత వేగంగా జవాబు చెప్పలేదు. బకెట్ తెచ్చి, కడిగి, నీళ్లు నింపి, మేడమీదికి మోశాను. ఆమెకు ఖాళీ బకెట్టే కావాలట.

నెల దాటాక ఒక ఆదివారం వాళ్లమ్మ వీడియోలో ఉండగా నన్ను పైకి పిలిచింది. ఫోన్లో తలకు రంగుల గుడ్డ చుట్టుకున్న పెద్దావిడ. వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది. నేను తల వంచుకుని, తిట్లన్నీ పూర్తయ్యేదాకా నిలబడ్డాను. విమానం వస్తే బాగుండుననిపించింది. ఆ రోజు ఒక్కటీ రాలేదు.

అమ్మకు జరిగింది చెప్పావా అని చిసోమోను అడిగాను. మొత్తం చెప్పానంది. ఏమంటున్నారని అడిగాను. రిజల్టు వచ్చిందట. లింబానీ లెక్కల్లో, సైన్సులో తప్పాడట. పుట్టిన దగ్గర్నుంచీ వాడికి శభాష్ అన్నవాళ్లు లేరట. బడిలో తిట్లే, ఇంట్లో తిట్లే, తిట్టినవాళ్లలో తల్లి కూడా ఉందట. పేరు కూడా పలకలేని ఊళ్లో ఎవరో నలభైమంది ఒక సాయంత్రం వాడి కోసం చప్పట్లు కొట్టారని విని ఆవిడ ఏడ్చిందట.

“నిన్ను తిట్టొద్దని అమ్మ చెప్పింది,” అంది చిసోమో. “అందుకే తిట్టడం లేదు.”

క్షమించానని మాత్రం అనలేదు. ఆమె ఇంగ్లిష్ చాలా కచ్చితమైనది.

అందువల్ల, శంషాబాద్ వాసి, స్పోకెన్ ఇంగ్లిష్ సర్టిఫికెట్ హోల్డర్, షాహీన్ అనే నేను, చదువరులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరి ఇంటి కబురైనా చివరి మాటదాకా వింటాను. వినబడకపోతే మళ్లీ అడుగుతాను. మూడోసారి అడగడానికి కూడా సిగ్గుపడను. నాకు తెలిసిన నాలుగు ముక్కలతో దేశం మొత్తాన్ని ఎవరికీ వివరించను. ఇకమీదట ఎవరైనా కన్నీళ్లతో వచ్చి మా వాడు పాసయ్యాడని చెబితే, ఏ క్లాసని అడగను. ముందు పక్కన కూర్చుంటాను.

లడ్డూలు ఎక్కడికీ పోవు.